కలెక్ట్ 4 పీఈలకి బాగుంది, 8కి లెవెల్స్ అన్నీ చెత్త, ఒక్కోసారి హ్యాంగ్ - ఎవరైనా చూడండి

నత్తనడక_కోడ్ · రాత్రి 10:18
అందరికీ నమస్తే. ఎంటెక్ రెండో సంవత్సరం, ప్రాజెక్టులో ఓపెన్‌ష్మెమ్ (ప్రాసెస్‌లు ఒకదాని మెమరీలోకి ఒకటి నేరుగా రాసుకునే లైబ్రరీ) మీద బీఎఫ్‌ఎస్ (గ్రాఫ్‌ని పొరలు పొరలుగా, లెవెల్ వారీగా వెతకడం) రాస్తున్నాను. గ్రాఫ్‌లో 20 లక్షల వెర్టెక్సులు (బిందువులు; వాటిని కలిపే గీతలే ఎడ్జ్‌లు). వాటిని పీఈలకి (ఒక్కో ప్రాసెస్ ఒక పీఈ) సమానంగా పంచేశాను, ఎవరి వెర్టెక్సుల ఎడ్జ్‌లు వాళ్ల దగ్గరే ఉంటాయి. ప్రతి లెవెల్లో ఒక్కో పీఈ తన వెర్టెక్సుల పొరుగువాటిని చూసి, కొత్తగా దొరికినవాటిని ఒక లిస్టులో వేసుకుంటుంది. లెవెల్ చివర అందరి లిస్టులూ కలిసి అందరికీ చేరాలి కదా, దానికి కలెక్ట్32 (అందరి ముక్కలూ వరసగా అంటించి అందరికీ ఇచ్చే ఫంక్షన్, 32 బిట్ల ఎలిమెంట్లకి) వాడాను. ఎవరికి ఎన్ని దొరుకుతాయో ముందు తెలియదు కాబట్టి, అందరూ సమానంగా తేవాల్సిన ఎఫ్‌కలెక్ట్ కుదరదనుకున్నా. విజిటెడ్ అర్రే (ఇప్పటికే చూసిన వెర్టెక్సుల గుర్తులు) మాత్రం ప్రతి పీఈ దగ్గరా పూర్తి కాపీ ఉంది.
4 పీఈలతో జవాబు సీరియల్ ప్రోగ్రాంతో సరిగ్గా సరిపోతోంది. 8 పెడితే లెవెల్స్ పిచ్చిపిచ్చిగా వస్తున్నాయి. ఇంకో గ్రాఫ్ ఇస్తే అసలు ఆగిపోయి కూర్చుంటోంది, కంట్రోల్ సీ కొట్టేదాకా కదలదు. సోమవారం రివ్యూ ఉంది, మూడు రోజులుగా ఇదే టెన్షన్.

సిరిసిల్ల_నేత · రాత్రి 10:31
తమ్ముడూ, ముందు మామూలు అనుమానాలు తీర్చు. పీసింక్ అర్రేలో (కలెక్ట్ లోపల పీఈలు ఒకరికొకరు సంకేతాలు పెట్టుకునే చోటు) అన్ని గడులనీ సింక్ వాల్యూతో నింపావా, మొదటి గడి ఒక్కటే నింపి వదిలేశావా? నింపాక బ్యారియర్ (అందరూ వచ్చేదాకా ఆగే చోటు) పెట్టావా? సోర్స్ (పంపే అర్రే), డెస్ట్ (వచ్చి చేరే అర్రే) రెండూ సిమెట్రిక్ మెమరీలోనే (అన్ని పీఈలలో ఒకేలా ఉండి, మిగతావాళ్లు కూడా అందుకోగల భాగం) ఉన్నాయా, లేక సోర్స్‌ని ఫంక్షన్ లోపల లోకల్ అర్రేగా పెట్టావా? లాగ్ పీఈ స్ట్రైడ్ (గుంపులో పీఈల మధ్య ఎడాన్ని చెప్పే అంకె) ఎంత ఇచ్చావు?
ఆ చివరిది ఊరికే అడగడం లేదు. నేను ఒకసారి 8 పీఈలలో మొదటి నలుగురితోనే కలెక్ట్ చేయిద్దామని, పక్కపక్కనే ఉన్నారు కదా అని స్ట్రైడ్ దగ్గర 1 ఇచ్చాను. అది స్ట్రైడ్ కాదు, స్ట్రైడ్‌కి బేస్ 2 లాగ్. 1 ఇస్తే స్ట్రైడ్ 2 అవుతుంది. అంటే లైబ్రరీ లెక్కలో నా గుంపు 0, 2, 4, 6. కలెక్ట్ పిలిచిందేమో 0, 1, 2, 3. పిలవని 4, 6 కోసం 0, 2 ఎదురుచూపులు. పూర్తిగా ఒకరోజు పోయింది, తప్పు చూస్తే ఒక్క అంకె.

నత్తనడక_కోడ్ · రాత్రి 10:44
థాంక్స్ అన్నా. స్ట్రైడ్ దగ్గర 0 ఇచ్చాను, పీఈ స్టార్ట్ కూడా 0, సైజు మొత్తం పీఈలు. పీసింక్ లూప్ పెట్టి అన్ని గడులూ నింపాను, తర్వాత బ్యారియర్ ఆల్ ఉంది. అర్రేలన్నీ ష్మెమ్ మాలక్‌తోనే (సిమెట్రిక్ మెమరీ ఇచ్చే ఫంక్షన్) తీసుకున్నా, లెవెల్ అర్రేతో (ఏ వెర్టెక్స్ ఏ లెవెలో రాసేది) సహా. ఇంటీజర్లు 32 బిట్లే కాబట్టి కలెక్ట్32 సరైనదే అనుకుంటున్నా.
ఒక వింత గమనించాను. చెత్త అంటే మైనస్ నంబర్లో, కోట్లలో ఉండే నంబర్లో కాదు. లెవెల్ 3 ఉండాల్సిన చోట 1417203, 882016, ఇలాంటివి. అన్ని పీఈలలోనూ ఒకే చోట, ఒకే చెత్త.

ఎంపీఐ_భక్తుడు · రాత్రి 10:52
ఎంపీఐలో (సందేశాలు పంపుకునే లైబ్రరీ) ఇదే పని చేసే ఆల్‌గ్యాదర్‌వీ ఉంది, వాడుకోండి, హాయిగా నిద్రపోండి. ఈ ష్మెమ్‌లో పేరులో మాత్రమే షేర్డ్ మెమరీ. ఎవరి హీప్ వాళ్లదే, పక్కవాడిది కావాలంటే గెట్ చేయాలి, ఇవ్వాలంటే పుట్ చేయాలి. ఓపెన్‌ఎంపీలో థ్రెడ్లు ఉంటే నిజంగా ఒకే మెమరీ, అక్కడ ఈ కలెక్ట్ గోలే లేదు, కౌంట్లకి ప్రిఫిక్స్ సమ్ (తన ముందువాళ్లవి కూడడం) చేసుకుని ఎవరి ముక్క వాళ్లు పెద్ద అర్రేలో రాసేస్తారు, అయిపోయింది.

పాతకాపు · రాత్రి 11:05
పేరు గురించి ఈ గొడవ కొత్తది కాదు. ష్మెమ్ పుట్టింది క్రే టీ3డీ మెషీన్ మీద, 1993 ప్రాంతంలో. ఒక ప్రాసెసర్ పక్కదాని మెమరీలోకి, దాన్ని అడగకుండా, అవతలివాడు రిసీవ్ అనకుండానే నేరుగా రాయగలిగే హార్డ్‌వేర్ ఉండేది. అందుకే ఆ పేరు. తర్వాత కంపెనీకి ఒక ష్మెమ్ అయి కూర్చుంటే, అందరికీ ఒకటి ఉండాలని ఓపెన్‌ష్మెమ్ 1.0 స్పెసిఫికేషన్ 2012లో వచ్చింది. ఆ పాత కలెక్ట్, ఎఫ్‌కలెక్ట్ అందులోకీ వచ్చాయి. కలెక్ట్ అంటే ఒక్కొక్కరు తెచ్చేది ఎంతైనా ఉండవచ్చు, ఎఫ్‌కలెక్ట్ అంటే అందరూ సమానంగా తేవాలి. రెండింటిలోనూ పీఈ నంబర్ల వరసలోనే అంటిస్తారు, అందరికీ పూర్తి కాపీ ఇస్తారు.
ఇక అబ్బాయి సంగతి. 1417203 చూస్తే నీకేమీ అనిపించలేదా? 20 లక్షల లోపు నంబరు. అది చెత్త కాదు నాయనా, వెర్టెక్స్ నంబరు. నీ లిస్టులో ఉండాల్సింది పొంగి లెవెల్ అర్రేలోకి పారింది. డెస్ట్ ఎంత సైజు తీసుకున్నావు? దాని వెంటనే ఏది మాలక్ చేశావు? ఇంకోటి, నీ లూప్ ఎప్పుడు ఆగుతుంది? ఆ కండిషన్ ఏమిటో మాటల్లో చెప్పు.

నత్తనడక_కోడ్ · రాత్రి 11:13
డెస్ట్ సైజు 20 లక్షలు మాస్టారూ, మొత్తం వెర్టెక్సులు అన్నే కదా, అంతకు మించి ఎలా వస్తాయి? దాని వెంటనే లెవెల్ అర్రే మాలక్, అవును.
లూప్: నాకు కొత్తవి ఏమీ దొరక్కపోతే బ్రేక్. లేకపోతే డెస్ట్ మొత్తం మైనస్ 1తో నింపి, కలెక్ట్ పిలిచి, మైనస్ 1 తగిలేదాకా చదువుతాను. కలెక్ట్ మొత్తం ఎన్ని వచ్చాయో చెప్పదు కదా, అందుకని ఈ ఉపాయం.

పాతకాపు · రాత్రి 11:34
దొరికింది. ఒకటి కాదు, రెండు. కూర్చుని చదువు.
వెర్టెక్సులు 20 లక్షలే, కానీ నీ లిస్టులోకి వచ్చేవి అంతకు మించవచ్చు. వెర్టెక్స్ 500 ఉందనుకో. దానికి పొరుగు ఒకటి పీఈ 1 దగ్గర, ఇంకొకటి పీఈ 6 దగ్గర ఉన్నాయి. రెండూ ఈ లెవెల్లో ఫ్రాంటియర్‌లోనే (పోయిన లెవెల్లో కొత్తగా దొరికినవాటిలో) ఉన్నాయి. పీఈ 1 తన విజిటెడ్ కాపీ చూసుకుని 500 కొత్తది అనుకుంటుంది, పీఈ 6 కూడా అలాగే అనుకుంటుంది, ఇద్దరూ తమ లిస్టులో వేసుకుంటారు. కలెక్ట్ ఏరివేయదు, అంటిస్తుంది, అంతే. 8 పీఈలుంటే ఒక వెర్టెక్స్ 8 సార్లు రావచ్చు. సోషల్ నెట్‌వర్క్ లాంటి గ్రాఫుల్లో మూడు నాలుగు లెవెల్స్ దాటేసరికి సగం ఊరు ఫ్రాంటియర్‌లోనే ఉంటుంది, అక్కడే పొంగింది. 4 పీఈలతో నీ అదృష్టం బాగుండి 20 లక్షల లోపే సరిపోయింది. డెస్ట్ సైజు ఎంతో కలెక్ట్‌కి నువ్వు చెప్పనే లేదు, ఆ ఆర్గ్యుమెంటే లేదు, కాబట్టి అది ఆగమన్నా ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పక్కనున్న లెవెల్ అర్రే మీద రాసుకుంటూ పోయింది. అందరికీ అందే కాపీ ఒకటే కాబట్టి అన్ని పీఈల్లో అదే చోట అదే నంబరు.
ఇక హ్యాంగ్. నీకు కొత్తవి దొరకలేదని నువ్వు బ్రేక్ కొట్టి బయటికి పోతావు. మిగతా ఏడుగురికి ఇంకా పని ఉంది, వాళ్లు కలెక్ట్‌లోకి వచ్చి నీ కోసం నిలబడతారు. సామూహికంగా పిలవాల్సిన దాన్ని గుంపులో ప్రతి ఒక్కరూ పిలవాలి, వంతు సున్నా అయినా సరే. నీ దగ్గర దొరకలేదంటే పని అయిపోయినట్టు కాదు, వచ్చే లెవెల్లో వేరేవాళ్లు నీ వెర్టెక్సులనే కనిపెట్టి పంపవచ్చు. ఎవరికీ ఏమీ దొరకనప్పుడే, అందరూ ఒకేసారి ఆగాలి.

రాత్రిబండి · రాత్రి 11:51
మాస్టారు రెండు చెప్పారు, మూడోది నేను చెప్తా, అన్నిటికన్నా పాపిష్టిది ఇదే, ఎందుకంటే రోజుకోసారి మాత్రమే బయటపడుతుంది. ఆ మైనస్ 1 నింపడం.
కలెక్ట్‌ని ఎవరైనా పిలిచే ముందే అందరి డెస్ట్ సిద్ధంగా ఉండాలని స్పెక్ చెబుతుంది. పీఈ 0కి తన ముక్క ఆఫ్‌సెట్ (మొదలయ్యే చోటు) సున్నా అని ఎవరినీ అడక్కుండానే తెలుసు. కాబట్టి అది కలెక్ట్‌లోకి అడుగు పెట్టగానే తన ముక్కని నీ డెస్ట్‌లో పుట్ చేసేయవచ్చు, నువ్వు ఇంకా అక్కడికి రాకముందే. అప్పుడు నువ్వు తీరిగ్గా వచ్చి మొత్తం మైనస్ 1 కొట్టేస్తావు. పీఈ 0 పంపింది గల్లంతు. నువ్వు మొదటి గడిలోనే మైనస్ 1 చూసి ఫ్రాంటియర్ ఖాళీ అనుకుంటావు. లైబ్రరీ లోపల ఏ పద్ధతి వాడుతుందో దాన్ని బట్టి నీకు ఇప్పటిదాకా కనిపించకపోవచ్చు, లైబ్రరీ మారిస్తే కనిపిస్తుంది.
అసలు జబ్బు ఏమిటంటే, కలెక్ట్ బోగీలన్నీ వరసగా తగిలించి రైలు తెచ్చి నిలబెడుతుంది కానీ ప్లాట్‌ఫాం మీద ఏ బోగీ ఎక్కడ ఆగుతుందో చూపించే బోర్డు ఉండదు. ఎవరి ముక్క ఎక్కడ మొదలైందీ తెలియదు, మొత్తం ఎంత పొడవో కూడా తెలియదు. కాబట్టి ముందు నీ కౌంట్ ఒక్కటి పట్టుకుని ఎఫ్‌కలెక్ట్ చెయ్యి. తలా ఒక్క ఎలిమెంట్, అందరికీ సమానం, ఇక్కడ ఎఫ్‌కలెక్ట్ చక్కగా కుదురుతుంది. 8 కౌంట్లు చేతికొస్తాయి. కూడితే మొత్తం, నీ ముందువాళ్లవి కూడితే నీ ఆఫ్‌సెట్. మొత్తం సున్నా అయితే అందరికీ ఒకే సున్నా కనిపిస్తుంది, అందరూ ఒకేసారి బ్రేక్. మొత్తం డెస్ట్ సైజు మించితే అక్కడే కేక పెట్టి ఆపేయవచ్చు. ఆ తర్వాత కలెక్ట్. మైనస్ 1 అవసరమే లేదు.

ఎంపీఐ_భక్తుడు · రాత్రి 11:58
చూశారా చివరికి ఆల్‌గ్యాదర్‌వీ దగ్గరికే వచ్చారు. అక్కడ అందరి కౌంట్లూ, డిస్‌ప్లేస్‌మెంట్లూ (ఆఫ్‌సెట్లే) ముందే ఇవ్వనిదే పిలవనివ్వదు. అందరూ దాన్ని తిడతారు కానీ ఈ తప్పు చేయనివ్వదు.

రాత్రిబండి · అర్ధరాత్రి 12:04
ఈ ఒక్క మాటకి ఒప్పుకుంటా. కలెక్ట్‌లో నీ ఎన్‌ఎలెమ్స్ (ఎలిమెంట్ల సంఖ్య) ఒక్కటి ఇస్తే చాలు అనేది సౌకర్యంలా కనిపిస్తుంది. లోపల లైబ్రరీ ఆ కౌంట్లు ఎలాగూ సేకరించుకుంటుంది, మనకి మాత్రం ఇవ్వదు. దాంతో అదే పని రెండుసార్లు.

సిరిసిల్ల_నేత · అర్ధరాత్రి 12:09
మరి ఆఫ్‌సెట్ చేతికొచ్చాక కలెక్ట్ ఎందుకక్కా? నేనే లూప్ పెట్టి ఏడుగురి డెస్ట్‌లోకీ నా ముక్క పుట్ చేసి బ్యారియర్ ఆల్ కొడతా. బ్యారియర్ ఆల్ పెండింగ్ పుట్లన్నీ పూర్తయ్యేదాకా ఆగుతుంది కదా.

పాతకాపు · అర్ధరాత్రి 12:20
8 మందికి అది తప్పేం కాదు, నేనూ అలాగే రాశాను చాలాసార్లు. 1024 మందికి వెళ్తే ఆలోచించాలి. ఒక్కొక్కరు 1023 పుట్లు, అందరూ పీఈ 0 నుంచే మొదలుపెడితే పాపం దాని మీద గుంపుగా పడతారు. కనీసం తన పక్కవాడి నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరగాలి. లైబ్రరీలు రెండు మూడు దార్లు పెట్టుకుంటాయి. రింగ్ అయితే 1023 అడుగులు, ప్రతి అడుగులో ఒక్కో ముక్క పక్కవాడికి. డబ్లింగ్ పద్ధతిలో 10 అడుగులే, ప్రతిసారీ చేతిలో ఉన్నదంతా ఎదుటివాడితో మార్చుకుంటే ముక్క రెట్టింపవుతూ పోతుంది. ఏ దారిలో వెళ్లినా ఒక్కో పీఈకి చేరాల్సిన డేటా అంతే, మిగతా 1023 మందిదీ రావాల్సిందే. చిన్న ముక్కలకి అడుగుల సంఖ్యే భారం, అక్కడ డబ్లింగ్ గెలుస్తుంది, నీ కౌంట్ల ఎఫ్‌కలెక్ట్ సరిగ్గా అలాంటిది. పెద్ద ముక్కలకి వైర్ మీద పట్టే టైమే ఎక్కువ కాబట్టి రింగ్ నిలకడగా పోతుంది. ఇదంతా మనం రాసుకోనక్కర్లేదు అనేదే కలెక్ట్ వాడడానికి కారణం.

నత్తనడక_కోడ్ · అర్ధరాత్రి 12:33
మూడూ సరిచేస్తున్నా. డెస్ట్‌ని తాత్కాలికంగా 8 రెట్లు పెంచాను, అంటే 1 కోటి 60 లక్షల ఇంటీజర్లు, పీఈకి 64 ఎంబీ. మొదట మాలక్ నల్ (అంత చోటు లేదని) ఇచ్చింది, సిమెట్రిక్ సైజు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెంచాక వచ్చింది. ఒక డౌట్: ఎఫ్‌కలెక్ట్‌కీ కలెక్ట్‌కీ ఒకే పీసింక్ ఇవ్వవచ్చా? ప్రతి లెవెల్లో రెండు బ్యారియర్లు పెడితే నెమ్మదించదా?

రాత్రిబండి · అర్ధరాత్రి 12:52
ఒకే పీసింక్ వద్దు, రెండు పెట్టు, ఒకటి కౌంట్లకి, ఒకటి డేటాకి. అప్పుడు బ్యారియర్ ఒక్కటీ అక్కర్లేదు. ఎందుకో చెప్తా, ఇది ఒకసారి పట్టుబడితే జీవితాంతం పనికొస్తుంది.
ఎఫ్‌కలెక్ట్ నుంచి నువ్వు బయటికి వచ్చావంటే అందరి కౌంట్లూ నీకు అందాయి. అందాయంటే అందరూ ఎఫ్‌కలెక్ట్‌లోకి అడుగు పెట్టారు. గమనించు, పెట్టారు అన్నాను, బయటికి వచ్చారు అనలేదు. ఎవరో ఒకరు ఇంకా లోపలే ఉండవచ్చు, అందుకే అదే పీసింక్‌తో వెంటనే మళ్లీ పిలవకూడదు. కానీ వాళ్లు ఎఫ్‌కలెక్ట్‌లోకి వచ్చారంటే పోయిన లెవెల్ డెస్ట్ చదవడం ముగించే వచ్చారు. కాబట్టి నువ్వు ఇప్పుడు కలెక్ట్ మొదలుపెట్టి వాళ్ల డెస్ట్‌లో రాసినా ప్రమాదం లేదు. అలాగే కలెక్ట్ నుంచి నువ్వు బయటపడ్డావంటే అందరూ కలెక్ట్‌లోకి వచ్చారు, అంటే అందరూ ఎఫ్‌కలెక్ట్ ముగించారు, కౌంట్ల పీసింక్ ఖాళీ. వచ్చే లెవెల్లో దాన్ని నిశ్చింతగా వాడు. ఒకదానికొకటి కాపలా కాస్తాయి.
షరతు ఒకటే, కౌంట్లతో పని అంతా కలెక్ట్ పిలవకముందే పూర్తి చేసుకో. కలెక్ట్ తర్వాత కూడా ఆ కౌంట్ల అర్రే చూస్తానంటే ఎవరో ముందుకెళ్లినవాడు వచ్చే లెవెల్ కౌంట్ అందులో రాసేసి ఉంటాడు. చూడాలంటే కాపీ చేసి పెట్టుకో.

పాతకాపు · అర్ధరాత్రి 12:58
తర్కం సరిగ్గా ఉంది. అయినా మొదటి వెర్షన్లో బ్యారియర్లు పెట్టు బాబూ, జవాబు సరిపోయాక ఒక్కొక్కటీ పీకు.

డాలస్_దోసె · అర్ధరాత్రి 1:15
ఇక్కడ మధ్యాహ్నం కాబట్టి తీరిగ్గా చెప్తా. ఇవన్నీ పీసింక్ కాలం కష్టాలు. 2020లో వచ్చిన 1.5 స్పెక్‌లో టీమ్స్ (పీఈల గుంపులు) ఉన్నాయి. కలెక్ట్‌కి టీమ్, డెస్ట్, సోర్స్, ఎన్‌ఎలెమ్స్ ఇస్తే చాలు. పీసింక్ లేదు, సిరిసిల్ల అన్నని ఏడిపించిన లాగ్ స్ట్రైడూ లేదు. పేర్లో 32, 64 కూడా లేవు, టైపుని బట్టి అదే చూసుకుంటుంది. పాత పద్ధతివి డెప్రికేట్ చేశారు. నేను డబుల్స్‌కి పొరపాటున కలెక్ట్32 వాడి సగం డేటానే పంపిన రోజులు గుర్తొచ్చాయి, లెక్క ఎలిమెంట్లలో కదా, ఎలిమెంట్‌కి 4 బైట్లే తీసుకుంది. కొత్తదాంట్లో ఒక గుంట ఉంది, పేరు చివర మెమ్ అని ఉండే రకానికి ఎన్‌ఎలెమ్స్ బైట్లలో ఇవ్వాలి.
పీసింక్ పోయిందని డెస్ట్ రూల్ పోలేదు. రాత్రిబండి గారు చెప్పిన కాపలా అప్పుడూ కావాలి.

సిరిసిల్ల_నేత · అర్ధరాత్రి 1:22
మా క్లస్టర్‌లో లైబ్రరీ పాతది, అడ్మిన్‌కి మెయిల్ పెట్టి ఆరు నెలలైంది. మా మనవళ్లు టీమ్స్ వాడతారు లెండి.

పాతకాపు · అర్ధరాత్రి 1:30
పడుకునే ముందు ఇంకో మాట. పీఈకి 64 ఎంబీ, అందులోనూ ఎక్కువ భాగం ఒకే నంబరు పదే పదే. ఇది నాకు నచ్చలేదు. వెర్టెక్స్‌కి ఒక బిట్ చొప్పున పెడితే 20 లక్షల బిట్లు, అంటే 2,50,000 బైట్లు. ప్రతి పీఈ తనకి దొరికినవి బిట్లుగా పెట్టి, అందరివీ కలిపి ఆర్ రిడక్షన్ (ఎవరు 1 పెట్టినా ఫలితం 1) చేస్తే డూప్లికేట్లు వాటంతట అవే పోతాయి, సైజు ఎప్పుడూ ఒకటే, పొంగే ప్రశ్నే లేదు, కౌంట్లు అక్కర్లేదు. ఫ్రాంటియర్ పలచగా ఉండే మొదటి, చివరి లెవెల్స్‌లో లిస్టు చవక, నడుమ చిక్కగా ఉన్నప్పుడు బిట్లు చవక. వెర్టెక్స్ నంబరుకి 32 బిట్లు పడుతుంది కాబట్టి, లిస్టు మొత్తం 20 లక్షల్లో 32వ వంతు, అంటే 62,500 దాటితే సైజులో బిట్లే గెలుస్తాయి. రిడక్షన్‌కి లెక్కచేసే పని కూడా ఉంటుంది కాబట్టి అసలు గీత ఎక్కడో కొలిచి చూసుకో. రివ్యూలో ఇది చెబితే ఎగ్జామినర్ కూడా నిటారుగా కూర్చుంటాడు.

నత్తనడక_కోడ్ · తెల్లవారుజామున 3:47
8కి సరిపోయింది!! రెండో గ్రాఫ్ కూడా ఆగకుండా అయిపోయింది. 16 పీఈలతో డెస్ట్ చాలక నేను పెట్టిన చెక్ దగ్గర మెసేజ్ ఇచ్చి ఆగింది, కనీసం ఎందుకు ఆగిందో చెప్పి ఆగింది. బిట్ల వెర్షన్ రేపు మొదలుపెడతా. రాత్రిబండి అక్కా, మైనస్ 1 సంగతి పరీక్షించా. పాత కోడ్‌లో పీఈ 3కి మాత్రం నింపే ముందు స్లీప్ పెట్టాను, మొదటి గడుల్లో ఉండాల్సిన పీఈ 0 ముక్క మాయం, ప్రతిసారీ.

రాత్రిబండి · ఉదయం 8:10
బాగుంది. బ్యారియర్లు తీసేశావా మరి?

నత్తనడక_కోడ్ · ఉదయం 11:26
లేదక్కా. సోమవారం రివ్యూ అయ్యాక తీస్తా.